లోపలివైపు గడియ

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. తాళాలు బాగుచేస్తాడు, తలుపులకు గడియలు బిగిస్తాడు, ఎవరెంత కంగారుపెట్టినా "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటాడు. అందుకని నెమ్మది మేస్త్రి. కొట్టు ముందు నలుగురు నిలబడి తొందరపెడుతుంటే, తాళంచెవిని ఆకురాయితో రెండుసార్లు రుద్ది, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ ఒక్కసారి రుద్దుతాడు. చూసేవాళ్ళకు ఒళ్ళు మండిపోతుంది. అయినా ఆయన దగ్గరికే వస్తారు, ఏం చేస్తారు మరి? ముప్ఫై ఏళ్ళలో ఆయన బిగించిన గడియ ఒక్కటంటే ఒక్కటి చెడిపోయి వెనక్కి రాలేదు. నోట్లో నాలుక లేని ఆ మనిషి ఈ ఒక్క మాట దగ్గర మాత్రం కాస్త ఛాతీ విరుచుకుంటాడు.

అలాంటి ఆయన కొట్టుకి ఒకరోజు పదకొండు గంటలప్పుడు, ఎదుటి మేడలో రెండో అంతస్తు అల్లుడుగారు చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"మేస్త్రిగారూ, మా అత్తగారు గదిలో ఇరుక్కుపోయారు. మీరు వేసిన గడియే. గంట నుంచి రావట్లేదు."

'మీరు వేసిన గడియే' అన్నమాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. సంచీ భుజాన వేసుకుని, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి కాస్త వేగంగా నడిచాడు.

ఆ అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. అందరికీ టీచరమ్మ. ఆవిడ బడి గేటు దగ్గర నిలబడితే వాన కూడా వరుసలోనే పడేదని ఒక జోకు. ఒంటరిగా ఉండడం కష్టమై రెండేళ్ళ కిందట కూతురి దగ్గరికి వచ్చారు. రాగానే అడిగిన మొదటి కోరిక, తన గదికి లోపలివైపు ఒక గడియ. "పిల్లలు, చుట్టాలు, పనిమనిషి, అందరూ వస్తూ పోతూ ఉంటారు. నాకంటూ ఒక తలుపు ఉండాలయ్యా" అని ఆవిడే దగ్గరుండి వేయించుకున్నారు. చిన్న పిడి, కుడికి తిప్పితే పడుతుంది, ఎడమకి తిప్పితే వస్తుంది. అంతే.

మేస్త్రి వెళ్ళేసరికి కూతురు తలుపు బాదుతూ ఉంది. అరచెయ్యి కందిపోయి ఉంది. "అమ్మా, ఏదైనా మాట్లాడమ్మా" అంటోంది. లోపల ఉలుకూ పలుకూ లేదు. పక్కింటివాళ్ళు ముగ్గురు సలహాలిస్తున్నారు. సలహాలకేం, ఎన్నయినా ఇవ్వొచ్చు. అల్లుడుగారు ఎక్కణ్ణుంచో గునపం సంపాదించి చేతబట్టుకున్నాడు.

"గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు బాబూ? అది కింద పెట్టండి" అని మేస్త్రి తలుపుకు చెవి ఆనించాడు.

టిక్. కాసేపు ఆగి, మళ్ళీ టిక్. పిడి తిరుగుతోంది, కొసకు తగిలి ఆగుతోంది. తిరుగుతున్నది కుడికి. ప్రతిసారీ కుడికే. స్ప్రింగు బాగుంది, గడియ నాలుక బాగుంది, ఆ చప్పుడులోనే ఆయనకు తెలిసిపోయింది. గడియకేమీ కాలేదు. తిప్పే చెయ్యి దారి మరిచిపోయింది.

"ఎడమకి తిప్పండమ్మా" అని ఒక్క కేక వేస్తే క్షణంలో పని అయిపోయేది. కానీ వెనకాల అయిదుగురు చెవులు రిక్కించుకుని ఉన్నారు. సాయంత్రానికల్లా టీచరమ్మకి కుడి ఎడమలు తెలియడం లేదట అని మేడంతా మోగిపోతుంది. ఎంతోమంది పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

"ఎవరది?" లోపలినుంచి గొంతు వచ్చింది.

"నేనేనమ్మా, మేస్త్రిని."

"మీ గడియ పాడైందయ్యా." మాట హెడ్మిస్ట్రెస్‌దే. చివర మాత్రం కాస్త తడబడింది.

మేస్త్రి ఒక్క క్షణం ఆగాడు. ముప్ఫై ఏళ్ళ పేరు మరి, ఊరికే వస్తుందా? ఆ తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు. "అవునమ్మా, పాడైంది. నాదే పొరపాటు. లోపల స్ప్రింగు జారినట్టుంది. నేనిటునుంచి రేకు పెట్టి పట్టుకుంటాను, మీరు కాస్త సాయం చేయండి. పిడిని కిటికీ వైపుకి తిప్పండి. నెమ్మదిగా."

సందులో పలచటి రేకు ఒకటి దూర్చి, దేనికీ తగలకుండా ఊరికే పట్టుకున్నాడు. కిటికీ ఉన్నది పిడికి ఎడమవైపే. గడియ వచ్చింది.

టీచరమ్మ జుట్టు దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఏమీ జరగనట్టే నిలబడి ఉన్నారు. వేలికొసలు మాత్రం ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆయన వాటిని చూసి చూపు తిప్పేసుకున్నాడు.

కూతురు తల్లిని పట్టుకుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక భయమంతా కోపమై మేస్త్రి మీద పడింది. "ఇదేనా మీ పనితనం? మా అమ్మకేదైనా అయితే ఎవరు దిక్కు? ముందు దీన్ని ఊడదీయండి. ఈ గదికి ఇక గడియే వద్దు."

టీచరమ్మ చెయ్యి వెళ్ళి ఆ తలుపును పట్టుకుంది, అక్కడే ఉండిపోయింది.

ఆ చెయ్యి చూడగానే మేస్త్రికి తండ్రి గుర్తొచ్చాడు. ముసలితనంలో తండ్రి రెండుసార్లు గదిలో కళ్ళు తిరిగి పడిపోయాడు. అప్పుడు ఈయనకు కుర్రతనం, కొత్తగా నేర్చిన పని, చేతిలో స్క్రూడ్రైవర్. తండ్రి చూస్తూ ఉండగానే గడియ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. నీ మంచికే నాన్నా అన్నాడు కూడా. ఆ రోజునుంచి తండ్రి బట్టలు మార్చుకోవాలన్నా, కాసేపు ఒంటరిగా కూర్చోవాలన్నా, కుర్చీని కరకరా ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టుకునేవాడు. పోయేదాకా అంతే. ఆ కుర్చీ చప్పుడు కొడుకు చెవిలో ఇప్పటికీ ఉంది. అప్పటిదాకా మేస్త్రి కూడా మనలాగే తొందరమనిషి. నెమ్మది మేస్త్రి అయింది ఆ తర్వాతే.

"దీనికి సరిపడే స్క్రూడ్రైవర్ తేలేదమ్మా. వచ్చేవారం వస్తాను" అన్నాడు మేస్త్రి. స్క్రూడ్రైవర్ చొక్కా జేబులోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉంది. అది టీచరమ్మ ఒక్కరే చూశారు.

అప్పటిదాకా ఏం గొడవ వస్తుందోనని కూతురు ఆ పిడికి గుడ్డ చుట్టి, కదలకుండా తాడుతో కట్టేసింది.

కబురు మేడంతా పాకింది. మూడో అంతస్తువాళ్ళు తమ తలుపులకు వేరే అతన్ని పిలిపించుకున్నారు. నొప్పి లేకేం, ఉంది. ఆ రోజు మేస్త్రి కొట్టు తలుపు కాస్త గట్టిగానే వేశాడు. ఇంటికెళ్ళి జరిగింది చెబితే భార్య నెత్తి కొట్టుకుంది.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? గడియ బాగానే ఉందని ఒక్క మాటంటే నీ నోరు అరిగిపోతుందా?"

"నాకు పోయేది రెండు బేరాలే. ఆవిడకి పోయేది అంతకంటే పెద్దది."

"బాగుంది. రేపు ఎవరైనా వచ్చి నువ్వే దొంగవంటే, అవునండీ అనేట్టున్నావు" అంటూనే ఆవిడ కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.

వారం తిరిగాక మేస్త్రి సంచీతో మెట్లెక్కాడు. టీచరమ్మ హాల్లో పేపరు చదువుతున్నారు. కూతురి కోపం ఇంకా చల్లారలేదు.

"ఈసారైనా స్క్రూడ్రైవర్ తెచ్చారా? మీ గడియ దయవల్ల వారం నుంచి నాకు నిద్ర లేదు."

"నాదే పొరపాటమ్మా" అన్నాడాయన తల వంచుకుని.

టీచరమ్మ పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఆయన్ని ఏమీ అనకు" అన్నారు.

"నువ్వూరుకో అమ్మా."

"వారం రోజులు ఊరుకున్నాను. గడియకేం కాలేదే. ఎటు తిప్పాలో నాకు గుర్తురాలేదు. ఎవరో చేసిన తప్పుకి ఇంకొకరు దెబ్బలు తినడం నా బడిలో ఎప్పుడూ జరగలేదు. ఇప్పుడు నా ఇంట్లో, నా వల్లే జరుగుతోంది. అన్నం సహించడం లేదు."

కూతురు ఉన్నచోటే కూలబడింది. "మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే గడియ తీసేస్తావని."

"తీయకపోతే నాకు భయమమ్మా. నువ్వు లోపల, నేను బయట, ఆ గంట నాకెలా గడిచిందో నీకేం తెలుసు?"

ఇద్దరి మాటా నిజమే, ఎవర్ని కాదంటాం?

మేస్త్రి సంచీలోంచి గుడ్డలో చుట్టిన కొత్త గడియ తీశాడు. ఆరు రోజులు కూర్చుని అరగదీసింది. కుడీ లేదు, ఎడమా లేదు. తొయ్యాలి, పడుతుంది. లాగాలి, వస్తుంది. బయటివైపు సన్నటి గాడి ఒకటి ఉంది. దాంట్లో చెంచా కాడ పెట్టి తిప్పితే బయటనుంచి కూడా వస్తుంది.

"అయితే ఎవరుపడితే వాళ్ళు తెరవొచ్చన్నమాట" అన్నారు టీచరమ్మ.

"లేదమ్మా, దానికో పద్ధతి. ముందు తట్టాలి. పిలవాలి. మీరు పలక్కపోతే వంద దాకా లెక్కపెట్టాలి. అప్పుడు చెంచా."

ఆవిడ ఆలోచించారు. "రెండు వందలు. నాకు మోకాళ్ళ నొప్పులు."

"నూట యాభై" అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ. బేరం కుదిరింది.

తాడు విప్పి, పాతది తీసి, కొత్తది బిగించేసరికి గంట పట్టింది. "ఒకసారి వేసి చూడండమ్మా" అన్నాడు మేస్త్రి. టీచరమ్మ లోపలికి వెళ్ళి తలుపు మూశారు. టక్.

బయట ఇద్దరూ నిలబడ్డారు. లోపల చప్పుడు లేదు. కూతురు తలుపు తట్టింది, "అమ్మా" అని పిలిచింది. జవాబు లేదు. చెంచా పట్టుకుని లెక్క మొదలుపెట్టింది. ఇరవై. యాభై. ఎనభై దగ్గర ఆమె చెయ్యి గాడి దాకా వెళ్ళింది. మేస్త్రి అరచెయ్యి పైకెత్తి, నెమ్మదిగా అన్నట్టు ఊపాడు. తొంభై. నూట పది.

"పైకి లెక్కపెట్టకే, ఇక్కడికి వినబడుతోంది" అన్నారు లోపలినుంచి టీచరమ్మ. "గడియ బాగుంది. నేను కాసేపు పడుకుంటాను. ఆయన్ని కాఫీ తాగి వెళ్ళమను."

కూతురు నవ్వుతూనే ఏడ్చింది. చెంచా తీసుకెళ్ళి వంటింట్లో మేకుకి తగిలించింది.

మేస్త్రి కాఫీ తాగి, సంచీ సర్దుకుని బయటికొచ్చాడు. సగం మెట్లు దిగాక అక్కడే ఒక మెట్టు మీద కూర్చున్నాడు. పైనుంచి ఎవరో దిగుతున్నా లేవలేదు.

"అప్పటికి నాకు ఊడదీయడమే వచ్చు నాన్నా" అన్నాడు.