నీళ్ళు పోసిన వీరగల్లు

దెయ్యాలంటే నాకు నవ్వే. తాడును చూసి పామనుకునే వాళ్ళని జీవితమంతా ఎగతాళి చేసిన నోరిది. అందుకే నమ్మమని అడగను, జరిగింది జరిగినట్టు వినండి చాలు.

ధాత సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు రోజులు. పాత రాళ్ళ వివరాలు రాయించే ఒక దొర దగ్గర నేను బొమ్మలు గీసేవాణ్ణి. పోరులో చచ్చినవాళ్ళ పేరిట నిలిపిన వీరగల్లులను వెనకటి సర్వేవాళ్ళు గీసిన బొమ్మల కట్ట ఒకటి నా చేతికిచ్చి, ఏ రాయి నిలిచి ఉందో, ఏది అరిగిందో పోల్చి చూడమన్నాడు. ఆ పని మీద ఉదయగిరి నుంచి బయలుదేరాను.

ఆత్మకూరు ఇంకా రాకముందే ఎండిన చేలలో ఒక రాయి కనిపించింది. పాత బొమ్మలో ఉన్నట్టే కత్తి పట్టిన వీరుడు, ఒక్కడే. పక్కనంతా నున్నటి రాయి. వేళ్ళతో తడిమి మరీ చూశాను.

అచ్చు తీయాలంటే రాతిని తడపాలి. తడి కాగితం అద్ది, కుంచెతో తట్టి, ఆరుతుండగా మసి పూస్తే చెక్కిన గీతలు తెల్లగా తేలుతాయి. ఎంతో కష్టపడి తెచ్చుకున్న కుండెడు నీళ్ళు రాతి మీద పోసి పని మొదలుపెట్టాను.

మసి పూస్తుండగా మేకలు తోలుకుంటూ ఒక అవ్వ వచ్చింది. రాయి కింద తడి చూసి నిలబడిపోయింది.

"నీళ్ళు పోసినావా అయ్యా? ఆయన మా పెద్దాయన. మా ఇంట్లో ఎవురన్నా పోతేనే ఆయనకి నీళ్ళు పోసేది!"

ఆమెకు ఒక్కడే కొడుకు. సముద్రం వైపు కాలువ తవ్వే కరువు పనికి పోయాడట. ఏడుస్తూ, రాయి మొదట్లోని తడిని కొంగుతో తుడుస్తూనే ఉంది.

"ఏం కాదులే అవ్వా" అంటూ కాగితం ఒలిచాను.

కాగితం మీద వీరుడి పక్కన ఇంకో మనిషి తేలాడు. కత్తి లేదు, చేతిలో పార ఉంది. ముఖం తెలియడం లేదు. ఎడమ భుజం వాలి ఉంది. మళ్ళీ రాయి తడిమాను, నున్నగానే ఉంది.

అవ్వ ఆ భుజం మీద వేలు పెట్టింది. "మావోడే. చిన్నప్పుడు చెట్టు మీంచి పడితే ఆ బుజం అట్టనే ఉండిపోయినాది."

కొన్నాళ్ళకు కాలువ పని నుంచి తిరిగొచ్చినవాళ్ళు, అతడు వాంతులు పట్టుకుని పోయాడని అవ్వకు చెప్పారట. కబురు తెలిసి వెళ్ళాను. అవ్వ రాయి దగ్గరే కూర్చుని ఉంది. రాయి పొడిగా ఉంది. నీళ్ళు తెచ్చిపెట్టనా అని అడిగాను.

"ఎందుకయ్యా, నువ్వు పోసినావు గదా" అంది.