ఒప్పుకోని సంతకం

మా లాండ్రీలో అందరూ ఆమెను మడతలక్క అనేవారు. ఆసుపత్రుల నుంచి, హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ అది. వేడి రోలరు కింద నుంచి దుప్పటి బయటికి రాగానే కొసలు అందుకుని మడత పెట్టడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే పని. మాట్లాడుతూ మాట్లాడుతూనే అంచుకు అంచు కలిపేసేది, చూడనైనా చూడకుండా. నేను అక్కడ హాజరు పుస్తకం చూసే గుమాస్తాని.

ఒక పెద్ద ఆసుపత్రి సొంతంగా బట్టలు ఉతుక్కోవడం మొదలుపెట్టాక మాకు పని తగ్గింది. ఒక శనివారం మేనేజరు మమ్మల్నందరినీ పిలిచి, సోమవారం నుంచి వారానికి నలభై ఎనిమిది గంటలు కాదు, ఇరవై నాలుగే అన్నాడు. జీతం కూడా దాన్నిబట్టే. మా ఇష్టప్రకారమే గంటలు తగ్గించుకుంటున్నట్టు టైపు చేసిన కాగితం ఒకటి చేతికిచ్చాడు. పంతొమ్మిది మందిమి వరసగా సంతకాలు పెట్టాం. నాది మూడోది. ఆమె మాత్రం కాగితం రెండుసార్లు చదివింది.

"ఇందులో మా ఇష్టం అని రాశారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు కదండీ?" అంది.

బలవంతమేమీ లేదు, పెట్టకపోయినా సోమవారం నుంచి గంటలు అవే అన్నాడు మేనేజరు. ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

ఇంట్లో ఆమెకు ఉన్నది ఆడపడుచు ఒక్కతే. భర్త పోయాక ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆడపడుచుకు కర్ర లేనిదే అడుగు పడదు. నోరు మాత్రం కర్ర అక్కర్లేకుండానే నడుస్తుందని మడతలక్కే నాతో చెప్పి నవ్వింది. ఆ రోజు ఆడపడుచు, మిగిలిన సగం రోజు ఇంకెక్కడైనా పని చూసుకోరాదా వదినా అందట. మడతలక్క పెట్టె అడుగు నుంచి తన నియామక పత్రం తీసి చూపించింది. ఇక్కడ పనిలో ఉన్నంత కాలం ఇంకెక్కడా పని చేయరాదని అందులో ఉంది.

"బాగుంది వదినా. తాడు విప్పడట, మేత మాత్రం సగమే వేస్తాడట," అంది ఆడపడుచు.

మానేద్దామన్నా దారి లేదు. తనంతట తాను మానేస్తే, కంపెనీ తీసేస్తే పదకొండేళ్ల సర్వీసు మీద రావలసిన పరిహారం పోతుంది. ఊళ్లో ఉన్న ఇంకో లాండ్రీ కూడా ఇదే యజమానిది. నలభై తొమ్మిదేళ్ల మనిషిని కొత్త పనిలోకి ఎవరు తీసుకుంటారు?

ఆ పత్రమే పట్టుకుని ఆమె కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారిణి దాన్ని చదివి, రాతపూర్వకంగా ఖాయం చేసిన గంటలను పనివాళ్లు ఒప్పుకోకుండా తగ్గించే హక్కు యజమానికి లేదని చెప్పింది. ఫిర్యాదు రాయించుకుంది. తర్వాత ఇంకో మాట చెప్పింది.

"కిమ్మనకుండా పని చేసుకుంటూ పోతే, రేపు మీరు ఒప్పుకున్నట్టే అంటారమ్మా. ఒప్పుకోవడం లేదని ఎప్పటికప్పుడు రాసి పెట్టండి."

మర్నాటి నుంచి ఆమె హాజరు పుస్తకంలో సంతకం పక్కనే 'గంటల కోతకు నా సమ్మతి లేదు' అని రాయడం మొదలుపెట్టింది. రోజూ అదే వాక్యం. మేనేజరు ఆమెను ఏమీ అనలేదు, నన్ను పిలిచాడు. సంతకాల గడి మరీ వెడల్పుగా ఉంది, తగ్గించు అన్నాడు. నేను స్కేలు పెట్టి గీతలు దగ్గరగా గీశాను. ఆమె వాటివైపు చూసింది, నావైపు చూసింది, అక్షరాలు చిన్నవి చేసి అదే వాక్యం రాసింది.

తర్వాత ఆమె పని వేళలు మారాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఆరు. పని నాలుగు గంటలే, పోయేది రోజంతా. బస్సులో ఇంటికి గంటన్నర. వెళ్లి రావడం దండగని ఆమె గేటు దగ్గరే ఉండిపోయేది. కాపలా తాత తన ముక్కాలిపీట ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత ఆ పీట కనపడలేదు. అప్పటి నుంచి ఎదురుగా ఉన్న బస్టాపులో కూర్చునేది. బస్సులు వచ్చేవి, పోయేవి. ఇల్లు కట్టుకోవడానికి చోటు చూసుకుంటున్నావా అక్కా అని కండక్టర్లు సరదాకి అడిగేవారట. వాన పడినప్పుడు రేకు కింద నిలబడేది. మా ఆఫీసు కిటికీలోంచి నాకు కనపడేది. తల అటు తిప్పకుండా కూర్చోవడం కొన్నాళ్లకు నాకు అలవాటైంది.

ఒకరోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, పాత హాజరు పట్టీల నకళ్లు ఇవ్వగలవా తమ్ముడూ అని అడిగింది. చూస్తానక్కా అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు తెలుసు. మళ్లీ అడగలేదు.

విచారణ నాలుగుసార్లు వాయిదా పడింది. చివరికి ఏడో నెలలో హాజరు పుస్తకం తెమ్మని అధికారిణే ఉత్తర్వు పంపింది. మోసుకెళ్లింది నేనే. ఇన్నాళ్లూ పనికి వస్తూనే ఉంది కాబట్టి కొత్త వేళలకు ఒప్పుకున్నట్టే అన్నాడు కంపెనీ లాయరు. అధికారిణి పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతూ పోయింది. గీతలు దగ్గరైన చోట ఆగి, ఇవి ఎవరు గీశారని అడిగింది. నేనేనండి అన్నాను. ఎందుకని అడగలేదు.

మడతలక్క గంటలు ఆమెకు తిరిగి ఇవ్వాలని, తగ్గిన జీతం కట్టాలని తీర్పు వచ్చింది. మిగతా వాళ్లం సంతకాలు పెట్టినవాళ్లం కాబట్టి మాకు ఏమీ రాలేదు. ఆ కోపం కొందరు ఆమె మీదే చూపించారు.

మేనేజరు తీర్పును తు.చ. తప్పకుండా పాటించాడు. వారానికి నలభై ఎనిమిది గంటలూ ఇచ్చాడు. కానీ రోలరు దగ్గర కాదు. చిరిగిన దుప్పట్లు పడేసే వెనక గదిలో, కిటికీ లేని చోట, ఒక కుర్చీ. పనేమీ లేదు. బయటికి రాకూడదు, ఫోను చూడకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆమె మళ్లీ కార్మిక శాఖకు వెళ్లింది. పత్రంలో గంటలున్నాయి గానీ ఏ పనో రాసి లేదమ్మా, అయినా ఫిర్యాదు ఇవ్వండి, చూద్దాం అన్నారట. ఇచ్చి వచ్చింది.

నేను వేరే చోట పని చూసుకుని వెళ్లిపోయాను. ఏడాది తర్వాత బస్సులో కనపడింది. పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకుంది. మన లాండ్రీ వాళ్లు ఇద్దరు సంతకాలు వెనక్కి తీసుకుంటామని అర్జీ పెట్టారని, ఇంకా ఏమీ తేలలేదని చెప్పింది. ఆ గదిలోనే ఉన్నావా అక్కా అన్నాను.

"అక్కడే. పొద్దస్తమానం కూర్చుని కూర్చుని కాళ్లు వాస్తున్నాయి."

"మానెయ్యరాదా?"

"వాళ్లకు కావలసింది అదేగా, తమ్ముడూ. రిటైరవడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది."

ఆడపడుచు ఎలా ఉందని అడిగాను. కర్రతోనే ఉంది, నోరు మాత్రం తగ్గలేదని నవ్వింది. లాండ్రీ స్టాపు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని, ముందు సీటు పట్టుకుని మెల్లగా లేచి, దిగింది.