పూత నిలవని ఎండాకాలం

చీపురుపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఎవరి పెరట్లో ఆనపపాదు పెట్టాలన్నా, ఎవరి దడికి చిక్కుడు పాకించాలన్నా ముందు జగ్గమ్మను పిలిచి గింజ వేయించుకునేవారు. ఆమె వేసిన గింజ మొలవకపోవడమన్నది ఎవరూ ఎరగరు. ఆమెకు యాభై రెండేళ్ళు. మొగుడు నరసింగరావు ఎకరన్నర వరి, మెట్ట మీద కాసిన్ని నువ్వులు పండిస్తాడు. పిల్లలు లేరు. పిల్లలు లేని మనిషని బారసాలలకీ సీమంతాలకీ ఆమెను ఎవరూ పిలవరు. పిలిచినా వెనక ఎక్కడో కూర్చోబెడతారు. గింజ నాటాల్సి వస్తే మాత్రం అదే ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి బతిమాలి తీసుకుపోతారు. ఆ తేడా జగ్గమ్మకి తెలియక కాదు. తెలిసే వెళ్ళేది. తనకి దక్కిన గౌరవం అదొక్కటే మరి.

కిందటేడు వేసవిలో టమాటా ధర ముట్టుకుంటే కాలింది. ఊరు ఊరంతా చింతపండు పులుసుతో గడిపింది. అది గుర్తుంచుకుని, చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున్న కుళాయి దగ్గర నలుగురి మధ్యా జగ్గమ్మ ఒక మాట అనేసింది.

"ఈ ఏడు ఎండల్లో నాను టమాటా కాయించి సూపిస్తాను. మీ అందరి ఇళ్ళకీ నానే పంచుతాను, సూడండి."

"వైశాకంలో టమాటా ఏటి జగ్గమ్మా? నీకేటైనా పిచ్చా?" అని బిందెలు పట్టుకుని నవ్వారు.

నవ్వని మనిషి ఒక్క గౌరే. గౌరి జగ్గమ్మకి తోటికోడలు, నరసింగరావు తమ్ముడు లక్ష్ముడి భార్య. ఇల్లు ఒకటే, నడుమ గోడ. పెరడు మాత్రం ఇద్దరిదీ. నాలుగేళ్ళ కిందట పొలంలో మోటారు వేయబోయి కరెంటు కొట్టి లక్ష్ముడు పోయాడు. కొడుకు ధర్మేంద్ర విజయనగరంలో ఆటో నడుపుతూ వారానికోసారి వచ్చి పోతాడు. అప్పట్నుంచీ ఈ పొయ్యి మీద కూర, ఆ పొయ్యి మీద అన్నం అన్నట్టుగా ఇద్దరాడవాళ్ళూ కలిసే బతుకుతున్నారు.

"మా అప్ప పెడితే కాయకేటవుతాది? కాస్తాది" అంది గౌరి, బిందె చంకనెత్తుకుంటూ.

ఇరవై రెండు మొక్కలు పెట్టారు. రంగుల డబ్బాలూ సిమెంటు బస్తాలూ ధర్మేంద్ర ఆటోలో వేసుకొచ్చాడు. వాటిలో పశువుల గత్తం, చెరువు మట్టి కలిపి నింపారు. జగ్గమ్మ తెల్లారకుండానే ఉపాధి పనికి పోయి ఎండెక్కాక ఇంటికి వచ్చేది. ఆ లోపల మొక్కల బాగోగులన్నీ గౌరివే. కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. గౌరి అరబకెట్టుతో స్నానం ముగించి మిగతా అర మొక్కలకి పోసేది. పడమటి ఎండ తగలకుండా తన పాత చీర రెండు రాటలకి కట్టింది. చూస్తుండగా మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఏప్రిల్ నెల నడిమికి విరగపూశాయి. దడి పక్కగా పోయేవాళ్ళు ఆగి చూసి పోయేవారు.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. పొద్దున్న ఎనిమిదికే మట్టి మీద కాలు పెట్టలేకపోయేవారు. రాత్రి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉండేవి. ఒక రోజు జగ్గమ్మ చూస్తే మొక్కల కింద పువ్వులు రాలి ఉన్నాయి. కాడ మధ్య ముడి దగ్గర పసుపెక్కి, గాలి తగిలినా రాలిపోతున్నాయి. మర్నాడు ఇంకా ఎక్కువ రాలాయి. వారం తిరిగేసరికి ఒక్క పిందె నిలిచిన మొక్క లేదు.

జగ్గమ్మ బూడిద చల్లింది. పుల్లమజ్జిగ పోసింది. వేపాకు కషాయం కొట్టింది. ఒక పాత కుండకి సున్నం బొట్లు పెట్టి దిష్టికి కట్టింది. పువ్వులు పూస్తూనే ఉన్నాయి, రాలుతూనే ఉన్నాయి.

"ఏటి జగ్గమ్మా, టమాటాలు ఎప్పుడు పంచుతావు?" కుళాయి దగ్గర రోజూ ఇదే పాట.

ఆమె నవ్వేసి ఊరుకునేది. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. యాభై రెండేళ్ళ బతుకులో చెయ్యి ఆమెకి ఎదురు తిరగడం అదే మొదలు.

ఒకనాడు పప్పు కోసం కిరాణా కొట్టుకి పోతే, కొట్టు యజమాని భార్య పార్వతీదేవి పొట్లం కడుతూ గొంతు తగ్గించింది.

"ఒక మాటంటే ఏమీ అనుకోకు జగ్గమ్మా. నువ్వు పనికి పోయినప్పుడు ఆ మొక్కల దగ్గర ఎవరుంటున్నారు? భర్త పోయిన మనిషి. పొద్దున్నే ఆ చెయ్యి తగిలితే పూత నిలుస్తుందా?"

"సాల్లెండమ్మా. అలాటి మాటలు నాకు సెప్పకండి" అని జగ్గమ్మ పొట్లం తీసుకుని వచ్చేసింది. ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. కానీ మాట లోపలికి దిగిపోయింది. ఆ సాయంత్రం గౌరి చెంబుతో నీళ్ళు పోస్తుంటే, తనకి తెలియకుండానే ఆమె చేతుల వంక చూసింది.

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజు. ఎండదెబ్బకి ఎవరో కూలీ పడిపోతే పని ఆపేసి అందర్నీ ఇళ్ళకి పంపేశారు. జగ్గమ్మ అలవాటు లేని వేళకి ఇంటికొచ్చి పెరటి తలుపు తోసింది. గౌరి మొక్కల నడుమ వంగి ఉంది. ఒక్కొక్క పూలగుత్తినీ వేలితో టక్కుమని కొడుతోంది. రెండు పువ్వులు రాలి ఆమె పాదం మీద పడ్డాయి.

"ఏటే అది? ఏటి సేస్తన్నావు?"

గౌరి తలెత్తి చూసింది. "ఏటీ నేదప్పా. ధర్మేంద్ర ఫోనులో సూపించినాడు. పువ్వుని ఇలగ మెల్లగా కదిపితే కాయ కడతాదట. నీకు సెప్పకుండా సేద్దాం, కాయ కట్టినాక సెప్దాం అనుకున్నాను."

"రాలగొట్టీసి కాయ కట్టిస్తావా? నా కళ్ళతో నాను సూసినాను."

"నాను ముట్టకపోయినా రాలతన్నాయి గదప్పా..."

"ఎందుకు రాలవు?" జగ్గమ్మ గొంతు దడి దాటిపోయింది. "మొగుణ్ణి మింగీసిన సెయ్యి. రోజూ ఆ సెయ్యే నీళ్ళు పోస్తంటే పూతేటి నిలుస్తాది?"

దడి అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

గౌరి ఏడవలేదు. రెండో చేతిలో ఉన్న చెంబు నేల మీద పెట్టింది. "ఈ మాట ఎప్పుడో ఎవురో ఒకరు అంటారని తెలుసు. నువ్వంటావనుకోనేదు" అని లోపలికి పోయింది.

జగ్గమ్మ పొయ్యి ముందు కూలబడింది. ఇరవై నాలుగేళ్ళ కిందటి సంగతి రమ్మనకుండానే వచ్చి ఎదట నిలబడింది. ధర్మేంద్ర పుట్టిన ఇరవై ఒకటో రోజున, ఉయ్యాల దగ్గరికి గొడ్రాలెందుకని ముత్తైదువలు గుసగుసలాడారు. బాలింతరాలు గౌరి లేచి వచ్చి, వెనక నిలబడ్డ జగ్గమ్మ చేతుల్లో బిడ్డనుంచి, "ముందు మా అప్పే ఎత్తుకోవాల. ఇష్టం నేనోలు ఎల్లిపోండి" అంది. లక్ష్ముడు పోయిన ఏడాది కూడా, "ఈ గుంటడి పెళ్ళికి నువ్వూ బావా పీటల మీద కూకోవాల. వాడికి ఇంకెవురున్నారు?" అంది.

పక్క గుమ్మం అయిదడుగుల దూరం. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే సరిపోయేది. జగ్గమ్మ లేవలేదు. గౌరి చేతిలో దోషం లేదని ఒప్పుకుంటే, ఇక మిగిలేది గింజ వేసిన చెయ్యి. అది తనది.

"తప్పు మాట అన్నావే. ఎల్లి సెప్పు" అన్నాడు నరసింగరావు, రాత్రి కంచం ముందు.

"నాను సూసింది నాను సూసినాను" అంది జగ్గమ్మ.

మూడో రోజున ధర్మేంద్ర ఆటో తెచ్చాడు. మంచం, గిన్నెలు, బియ్యం డబ్బా ఎక్కించాడు. గౌరి తలుపుకి తాళం వేసి, పెరటివైపు చూడకుండా ఎక్కి కూర్చుంది. కుర్రాడు మాత్రం జగ్గమ్మ దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, మా అమ్మని నువ్వు ఆ మాట అన్నావా?"

జగ్గమ్మ పెరట్లోకి పోయింది. వాడు ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పదిరోజుల తర్వాత వరి విత్తనాలు కావలసిన రైతుల పేర్లు రాసుకోవడానికి వ్యవసాయ సహాయకురాలు ఝాన్సీ వచ్చింది. చదువుకున్న పిల్ల. పెరట్లో మొక్కలు చూసి ముచ్చటపడింది.

"ఎంత బాగా పెంచారమ్మా! పూత రాలిపోతోందా? ఈ ఎండలకి ఎక్కడా నిలవదు. పగలు ఇంత వేడి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చచ్చిపోతుంది. మా ఇంట్లోనూ ఇంతే."

జగ్గమ్మ పూలగుత్తి ఒకటి పట్టుకుంది. "మరి... పువ్వుని ఎవురైనా సేత్తో కొడితే?"

"కదిపితే మంచిదే. ఉన్న పుప్పొడి అంటుకుంటుంది. ఎవరు చెప్పారోగానీ తెలిసినవాళ్ళే. వానలు పడనివ్వండి, ఇవే మొక్కలు కాస్తాయి. ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా."

ఆ పిల్ల ధైర్యం చెబుదామనే అంది. జగ్గమ్మకి ఆ మాటకన్నా చెంపదెబ్బ నయమనిపించింది.

ఝాన్సీ చెప్పినట్టే అయింది. వానలు పడి నేల చల్లబడ్డాక పూత నిలిచింది. ఆషాఢం వెళ్ళేసరికి కొమ్మలు విరిగేటట్టు కాశాయి. జగ్గమ్మ గిన్నెలతో ఇంటింటికీ పంచింది. "నీ సెయ్యే సెయ్యి" అన్నారు కుళాయి దగ్గర. పార్వతీదేవి అయితే, "చూశావా, నేను చెప్పలేదూ?" అంది. జగ్గమ్మ ఆమెకి కూడా ఒక గిన్నె ఇచ్చింది. ఇస్తున్నంతసేపూ తన మీద తనకే రోత పుట్టింది.

శ్రావణంలో ఒక సంచీ నిండా మేలైన కాయలు ఏరుకుని విజయనగరం బస్సెక్కింది. గౌరి ఒక హాస్టలు వంటింట్లో పనికి కుదిరి, ఆ వెనకే చిన్న గది అద్దెకి తీసుకుంది. ఏం చెప్పాలో దారి పొడుగునా జగ్గమ్మ మనసులో అనుకుంటూనే ఉంది. తప్పయిపోయింది, క్షమించు. రెండు ముక్కలే.

గౌరి తలుపు తీసి చూసింది. కుర్చీ లాగింది. "కూకోండి" అంది.

ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ 'అండి' లేదు. జగ్గమ్మ కూర్చుంది. గ్లాసుతో నీళ్ళు ఇస్తే తాగింది. దారిలో కూర్చుకున్న రెండు ముక్కలూ గొంతు దాటి రాలేదు. వేరే మాట వచ్చింది.

"ఎండకి రాలినాయట గౌరీ. ఆ ఝాన్సీ సెప్పింది. ఎవురి తప్పూ నేదట."

గౌరి ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. "అలగా? అయితే ఎండకి రాలకపోతే మీరన్న మాట నిజమైపోతాదా?"

జగ్గమ్మ తల దించుకుంది. సంచీ ముందుకి జరిపింది.

"ఒద్దండి. హాస్టల్లో గంపలకి గంపలు తరగతన్నాను. టమాటా వాసనంటేనే ఎగటుగా ఉంటన్నాది. బస్సు వేళయిపోతాది, బయల్దేరండి."

సంచీ మళ్ళీ ఊరికి వచ్చింది. సీటు కింద నలిగి కాయలు సగం చితికిపోయాయి. మిగతావి జగ్గమ్మ పశువుల తొట్లో వేసేసింది.

మాఘమాసంలో ధర్మేంద్ర పెళ్ళి విజయనగరంలో జరిగింది. శుభలేఖ నరసింగరావు పేరున పోస్టులో వచ్చింది. పగటి ముహూర్తం. ఇద్దరూ వేళకి చేరుకున్నారు. జగ్గమ్మ ఎందుకైనా మంచిదని పట్టుచీరే కట్టుకుంది. మండపంలో పెళ్ళికొడుకు పక్కన పీటల మీద గౌరి అన్న తిరుమలరావు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. ఎవరో నరసింగరావుని గుర్తుపట్టి, రెండు కుర్చీలు చూపించారు.

విధవరాలు కాబట్టి గౌరి మండపం దగ్గరికి పోలేదు. కొడుకు పెళ్ళిని వెనక వరసలోంచే చూస్తోంది. ఖాళీ ఉన్నది ఆ వరసలోనే. నరసింగరావు ఎవరితోనో మాట్లాడుతూ బయటికి పోతే, తోటికోడళ్ళిద్దరి నడుమా ఒక ఖాళీ కుర్చీ మిగిలింది. తలంబ్రాల వేళకి జనమంతా లేచి ముందుకి పోయారు.

"గౌరీ" అంది జగ్గమ్మ.

గౌరి తిరిగి చూసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ తడి కొడుకు కోసం.

"బోజనాలు కింద అంతస్తులోనండి. జనం తోసుకోకముందే తినీసి ఎల్లండి" అని చెప్పి, కొంగు సర్దుకుని మండపంవైపు తిరిగి కూర్చుంది.

జగ్గమ్మ మెట్లు దిగింది. మొగుడూ పెళ్ళాలు మొదటి బంతిలోనే భోంచేసి, మధ్యాహ్నం పాసింజరుకి చీపురుపల్లి వచ్చేశారు.