కాగితంలో లేని తాత

భీమశంకరరావుకి అబద్ధం ఆడడం రాదు. చేతగాని పని మనిషి మానుకోవాలి. ఆయన మానలేదు. రెండేళ్ళపాటు ప్రతి శనివారం సాయంత్రం నా కొట్టు ముందు నిలబడి ఒకటే అబద్ధం ఆడాడు.

నా కొట్టు సింహాచలం కొండ కింద, మెట్లు మొదలయ్యే తొలిపావంచా పక్కన. కొబ్బరికాయలు, కర్పూరం, పసుపు కుంకుమ అమ్ముతాను. కొండెక్కేవాళ్ళ చెప్పులు కూడా నా దగ్గరే ఉంటాయి. ఇవి చాలవన్నట్టు ఫ్యామిలీ కోర్టు నాకు ఇంకో పని తగిలించింది. భీమశంకరరావు కొడుకు సాయిశంకర్, కోడలు హిమబిందు విడిపోయారు. ఎందుకు విడిపోయారని నన్నడగకండి. ఇద్దరినీ అడిగితే రెండు కథలు చెప్తారు, రెండూ నమ్మబుద్ధేస్తాయి. వాళ్ళకి ఒక్కతే కూతురు, సత్యశ్రీ. పిల్ల వారమంతా గోపాలపట్నంలో తల్లి దగ్గర ఉండాలి, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా గాజువాకలో తండ్రి దగ్గర ఉండాలి. తీర్పు అదీ. వీళ్ళ గుమ్మం వాళ్ళు తొక్కరు, వాళ్ళ గుమ్మం వీళ్ళు తొక్కరు. దేవుడి మెట్ల దగ్గరైతే ఎవరికీ నామోషీ ఉండదని లాయర్లు నా కొట్టు ముందు చోటు చూపించారు. నన్నొక్క మాట అడిగారా? లేదు. అడిగితే కాదందునా? అననే అనను. కానీ అడగాలి కదా!

సాయిశంకర్‌కి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని. షిఫ్టు డ్యూటీ. శనివారం, ఆదివారం అని ఆ యంత్రాలకి తెలియదు. అందుకని పిల్ల కోసం వచ్చేది తాత. చిక్కంతా అక్కడే. పిల్లని తండ్రికి అప్పగించాలని రాశారు గానీ, తాత అన్న మాట కాగితంలో ఎక్కడా లేదు. హిమబిందు "మీకివ్వను" అంటే ఆయన నోరు మూసుకుని బస్సెక్కాలి. అది ఆయనకి తెలుసు. అందుకే ఆ అబద్ధం.

"అబ్బాయి బండి పెట్టి వస్తున్నాడమ్మా. అక్కడంతా ఒకటే రద్దీ. ఈలోగా పిల్లని నేను పట్టుకుంటాను."

హిమబిందు రోడ్డు వైపు ఒకసారి చూసేది. బండీ ఉండదు, అబ్బాయీ ఉండడు. పిల్ల సంచీ ఆయన చేతికిచ్చి వెళ్ళిపోయేది. నమ్మేసిందని ఈయన సంబరం.

"రావుగోరూ, రెండేళ్ళ నుండి మీ అబ్బాయి బండి పెడతానే ఉన్నాడు. అది బండేటి, ఓడేటి?" అన్నాను ఒకసారి.

"ఓడకి ఇంతసేపు పట్టదండి. పోర్టులో క్రేన్ నడిపినవాణ్ణి, నాకు తెలీదా?" అన్నాడు. నవ్వలేదు కూడా.

కోనసీమ నుంచి మీసం సరిగ్గా రాని వయసులో వచ్చి, రిటైరయ్యేదాకా పోర్టులోనే పనిచేసిన మనిషి. ఇన్నాళ్ళున్నా మా యాస ఒక్క ముక్క అంటలేదు. వేటకుక్క వెంటపడినా దాన్ని కూడా 'అండీ' అనే రకం. భార్య మహాలక్ష్మమ్మ పోయాక ఆయనకి మిగిలినవి రెండే: ఆ ఆదివారం, ఆవిడ మొక్కు.

మొక్కు సంగతి చెప్పాలి. సత్యశ్రీ నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. వరండా ఈ చివర మహాలక్ష్మమ్మ, పిల్ల బతికితే పుట్టువెంట్రుకలు అన్నవరం సత్యదేవుడికిస్తానని మొక్కింది. అదే వరండా ఆ చివర హిమబిందు తల్లి సింహాద్రి అప్పన్నకి మొక్కింది. పిల్ల బతికింది. బతికించింది ఏ దేవుడో తేల్చలేక వియ్యపురాళ్ళిద్దరూ మాటలు మానేశారు. పుట్టువెంట్రుకలు ఇవ్వకుండా తలకి కత్తెర తగలకూడదు కదా! ఐదో ఏడు వచ్చేసరికి పిల్ల జుట్టు నడుము దిగింది. ఆదివారాలు ఆ జుట్టు దువ్వేది తాత. పోర్టులో తాళ్ళు బిగించిన చెయ్యి కదూ, ఆ జడ విప్పడానికి సోమవారం పొద్దున్న హిమబిందుకి చుక్కలు కనపడేవి.

"మావయ్యగారు జడేసేరా, లంగరు కట్టేరా మామ్మా?" అని నా దగ్గర మొత్తుకునేది.

ఐదో ఏడు దాటకూడదని భీమశంకరరావు ఒక పన్నాగం పన్నాడు. ఆదివారం పొద్దున్నే దువ్వాడలో రైలెక్కి, అన్నవరంలో పని కానిచ్చి, సాయంత్రం వేళకి పిల్లని తెచ్చి అప్పగించేయడం. తల్లికి చెప్పకుండా పిల్లని ఊరు దాటించకూడదని తీర్పులో ఉంది.

"గుండు అయ్యాక ఏం చేస్తారండి? అతికిస్తారా?" అన్నాడు నా చెవిలో. ఆయన గుసగుస పక్క కొట్టుకి కూడా వినపడింది.

ఆ శనివారం హిమబిందు ఒక్కతే రాలేదు. వెనక తమ్ముడు వీరేంద్ర ఉన్నాడు. చేతిలో బట్టల షాపు కవరు.

"అబ్బాయి బండి..." అని మొదలుపెట్టాడు ఈయన.

"రేపు అన్నవరం ఎల్తన్నారట?" అంది హిమబిందు.

భీమశంకరరావు నా వైపు చూశాడు. నేను కొబ్బరికాయ పీచు తీస్తున్నాను, ఆ పీచు మీద ఒట్టు, నేనేం చెప్పలేదు.

"ఎవరు చెప్పారమ్మా?"

"మీరే. మావోడికి ఫోన్ సేసి పిలిసేరట కదా!"

"పిలవకుండా ఎలా కుదురుతుందమ్మా? మేనమామ ఒళ్ళో కూర్చోపెట్టుకుని మొదటి కత్తెర వెయ్యకపోతే అది పుట్టువెంట్రుకలెలా అవుతుంది?"

నేను ఆపుకోలేకపోయాను. "దొంగతనానికి ఎల్తా ఎల్తా ఇంటాయనకి బొట్టెట్టి పిలిసినట్టుంది!"

వీరేంద్ర నవ్వేశాడు. హిమబిందు నవ్వలేదు.

"లాయరుగారికి ఫోన్ సేసేను మావయ్యగారూ. కాగితంలో మీరు లేరంట. ఇయ్యాల్టి నుండి మీ సేతికి పిల్లనివ్వక్కర్లేదంట."

సత్యశ్రీ అప్పటికే భీమశంకరరావు వేలు పట్టుకుని, నేనిచ్చిన కొబ్బరి ముక్క నములుతోంది. ఆయన ఆ వేలు విడిపించుకోలేదు. గట్టిగా పట్టుకోనూ లేదు.

"అబ్బాయి బండి పెట్టడం లేదమ్మా. ఎప్పుడూ పెట్టలేదు. నేను బస్సులో వస్తాను," అన్నాడు.

"నాకు తెల్దేటి?"

"మరి పిల్లని ఎందుకిచ్చావమ్మా ఇన్నాళ్ళూ?"

హిమబిందు వంగి పిల్ల మూతి కొంగుతో తుడిచింది. "ఇది వారమంతా సనివారం ఎప్పుడని అడుగుద్ది. నాన్న వత్తాడా అని కాదు, తాత వత్తాడా అని. అందుకే ఇచ్చేను. ఇప్పుడు మీరు నన్ను మోసం సేద్దామనుకున్నారు. ఇక ఎలా ఇవ్వను?"

ఆయన "తప్పే" అన్నాడు. 'అమ్మా' అని కూడా కలపలేదు.

వీరేంద్ర కవరు అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకున్నాడు. "అక్కా, గౌను కొనేసినాను. మా ఆవిడకి కూడా సెప్పేసినాను..."

"నువ్వెటేపురా?"

"నాను పిల్లేపు. మేనమామనైనాక పిలుపొత్తే ఎల్లకుండా ఎలాగ?"

ఇక నేను కలగజేసుకోకపోతే అక్కడే తెల్లారేట్టుంది. "ఒలే హిమబిందూ, పిల్లని మీ ఇద్దరూ వారాలేసి పంచుకున్నారు. ఆ జుట్టుని దేవుళ్ళిద్దరూ పంచుకోలేరేటి? రేపు పొద్దున్న కొండ మీద అప్పన్నకి మూడు కత్తెర్లు ఇయ్యండి. మిగతాది సత్యదేవుడికి."

"అప్పన్నకి మూడేనా?" అంది హిమబిందు. కోపం బేరంలోకి దిగిందంటే సగం పని అయినట్టే.

"మొదటి కత్తెర ఎవరిదైతే మొక్కు ఆలదే. కొసరు గోదారోలకిచ్చీ."

"కొసరంటే నడుము దాకా ఉందండి," అన్నాడు భీమశంకరరావు మెల్లగా. నోరు మూసుకోమని కళ్ళెర్రజేశాను.

హిమబిందు పిల్ల జడ చేతిలోకి తీసుకుంది. "నానూ వత్తాను. నాకు తెలీకుండా దీన్ని ఊరు దాటించాలనుకోడం ఇదే మొదలు, ఇదే ఆకరు," అంది.

మర్నాడు అప్పన్న దగ్గర మూడు కత్తెర్లూ వీరేంద్రే వేశాడు. సాయిశంకర్ రాత్రి డ్యూటీ నుంచి సరాసరి రైలెక్కి, అన్నవరం దాకా నోరు తెరుచుకుని నిద్రపోయాడట. హిమబిందు వేరే సీట్లో కూర్చుందట. మొగుడూ పెళ్ళాలు కలిసిపోయారని ఎవరైనా ఆశపడుతుంటే మానుకోండి. వాళ్ళు మాట్లాడుకున్నది రెండే మాటలు, రెండూ టిక్కెట్ల గురించి. పిల్ల మాత్రం గుండు తడుముకుంటూ వచ్చి, "మామ్మా, నాకు గాలి తగుల్తంది!" అని కొట్టంతా గెంతింది.

ఆ తర్వాత ఇద్దరు లాయర్లూ కలిసి కోర్టులో ఒక మెమో వేశారు. తండ్రికి డ్యూటీ ఉంటే పిల్లని తాతకి అప్పగించవచ్చు, ఊరు దాటాలంటే తల్లికి ముందుగా చెప్పాలి. ఆ 'తాత' అన్న మాట హిమబిందే రాయించింది. జడ్జిగారు సరేనన్నారు.

ఆ కాగితం చేతికొచ్చిన శనివారం భీమశంకరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వేళకి ఎంతో ముందే దిగాడు. నా పీట లాక్కుని, కొనుక్కునేవాళ్ళకి అడ్డంగా, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"జరగండి రావుగోరూ, బేరాలు పోతన్నాయి."

"కాస్త మర్యాదగా మాట్లాడండి ఆదిలక్ష్మమ్మగారూ. ఇప్పుడు నేను కాగితంలో ఉన్న మనిషిని."

"అయితే ఆ కాగితం పరుసుకుని దాని మీద కూకోండి. నా పీట నాకిచ్చీండి," అన్నాను.