పది నట్లు, పదిమంది చుట్టాలు

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు షాకీర్ తెల్ల కుర్తా మీద వేడి తుప్పునీళ్లు చిమ్మాయి. ఆయన అప్పుడు పాత ఫియట్ కారు ముందు సెల్ఫీ దిగుతున్నాడు. ఫొటో బాగానే వచ్చింది.

నీళ్లు ఇంజను హెడ్ కింది నుంచి వచ్చాయి. అంటే ఎక్కడో నట్టు బిగియలేదు. జగిత్యాలలో ముప్పై ఏళ్లుగా అందరి బండ్లూ బాగుచేసే బషీర్, సిరిసిల్లలో తుక్కు కింద పోతున్న ఈ కారును తెచ్చి రెండేళ్లు తంటాలుపడి నిలబెట్టాడు. మర్నాడు కోరుట్ల బడిలో కూతురు నాహీద్ టీచరుగా చేరాలి. ఇదే కారులో గేటు ముందు దింపుతానని వాడకట్టంతా చెప్పుకున్నాడు.

"బస్సుల పోత అబ్బా," అంది నాహీద్.

"బస్సుల అందరు పోతరు బిడ్డా," అని బషీర్ హెడ్ విప్పాడు.

హెడ్‌ను ఇంజనుకు పట్టి ఉంచే పది నట్లకు బషీర్ అంకెలు వేయడు, చుట్టాల పేర్లు పెట్టుకుంటాడు. భోజనాలకు పరిచే దస్తర్‌ఖాన్ దగ్గర మర్యాద చేసినట్టే నడుమ పెద్దలతో మొదలుపెట్టి, ఇటొకరు అటొకరుగా మూలలకు పోతాడు. చిట్టచివరి మూల బామ్మర్ది షాకీర్‌ది. ఒక్కసారే బిగిస్తే హెడ్ వంకరపోతుంది. అందుకే మూడు విడతలు. చివరి విడతలో, సరిపడా బిగియగానే టక్కుమనే పానా.

నిన్న ఆ చివరి మూల దగ్గరే ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, అందరూ అయిపోయారనుకుని పానా తుడిచి పెట్టేశాడు.

ఈసారి నీళ్లు కారకుండా హెడ్ కింద కొత్త గాస్కెట్ వేశాడు. ఫోన్ భార్య తాహెరాబీ గుంజుకుంది. పిన్నితో మొదలుపెట్టి పేర్లు ఆమే పిలిచింది.

"ఖాలా!"

టక్.

"గట్టిగ బిగిసిందా?"

"గామెను ఇంకింత బిగిస్తె ఇరుగుతది!"

పదో టక్కు వినగానే తాహెరాబీ చప్పట్లు కొట్టింది. నీళ్లు పోసి తాళం తిప్పితే ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. అరగంట నడిచినా ఒక్క చుక్క కారలేదు.

సోమవారం దారి పొడుగునా బైకులవాళ్లు పక్కపక్కనే వచ్చి వీడియోలు తీశారు. తొమ్మిదింబావుకే కోరుట్ల బడి ముందు హారన్ మోగింది. అటెండరు గేటు రెండు తలుపులూ బార్లా తెరిచాడు. నాహీద్ దిగిందో లేదో, బషీర్ బానెట్ ఎత్తి హెడ్ చుట్టూ గుడ్డతో తుడిచి, ఆ పొడిగుడ్డను గేటు దగ్గరి పిల్లలందరికీ చూపించాడు.

వెనక సీటులోంచి షాకీర్ దిగాడు. అదే కుర్తా, ఉతికినా పోని మరక.

"దుల్హేభాయ్, పదిమందిల నన్నొక్కన్నే ఎట్ల మరిచినవ్?" అని బావను నిలదీశాడు.

"నిన్ను బిగిద్దామని పానా పెట్టంగనే నువ్వే ఫోన్ చేస్తివి మియా!"