మా తమ్ముడి ట్రాక్టరుకు నెయిల్ పాలిష్

మా ఆయన రైలింజన్ డ్రైవరుగా రిటైరయ్యాక కొన్నాళ్లపాటు ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక తిరిగాడు. కాజీపేటలో మా ఇంటి ముందుగదే నా బ్యూటీ పార్లర్. వంటింట్లో కాసేపు, వరండాలో కాసేపు కూర్చుని చూసి, చివరికి పార్లర్‌లోనే ఆడవాళ్లు వంతు కోసం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో పేపరు పట్టుకుని స్థిరపడ్డాడు. కనుబొమలు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు గడప దగ్గరే ఆగి, "సార్ ఉన్నడు, మళ్ల వస్తం అక్కా" అని వెనక్కి పోయేవారు. సారుకు ఆ సంగతి పట్టేది కాదు. పైగా నా ఫేషియల్ స్టీమర్ చప్పుడు విని, లోపల సున్నం కట్టిందని చెప్పేవాడు.

ఒకరోజు నేనే అన్నాను. "మా తమ్ముని దగ్గరికి జర పోయి రారాదు. దుక్కులు మొదలైనయంట. చూసినట్టుంటది."

"నాకు యవుసం ఏం తెలుసు?"

"తెల్వకుంటె చెట్టు కింద కూసోని చూడు. ఈడ కూసుంటె నా గిరాకి పోతాంది."

మా పుట్టిల్లు ఖిలా వరంగల్‌లో. రాతికోటకూ దాని చుట్టూ ఉన్న మట్టికట్టకూ నడుమ ఉన్న పొలాల్లో మాకూ కొంత చెలక ఉంది. నాన్న కాలం నుంచి దాన్ని దున్నుతున్నది ఒకటే ట్రాక్టరు. నేను బడికి పోయే రోజుల్లో అది కొత్తగా ఇంటికి వస్తే దానికి బొట్టు పెట్టింది నేనే. ఇప్పుడు దాని ఎరుపు వెలిసి పాత ఇటుక రంగుకు వచ్చింది. నాన్న పోయాక తమ్ముడు నడుపుతున్నాడు. దాన్ని అమ్మేసి కొత్తది కొనుక్కోరాదా అని ఎవరైనా అంటే, వానలు ఎట్లున్నాయని మాట మారుస్తాడు.

పొద్దున స్కూటర్ మీద పోయిన మా ఆయన సాయంత్రానికి ఒక స్టీలు టిఫిన్ డబ్బాతో తిరిగి వచ్చాడు. మరదలు పచ్చడి పంపిందనుకుని మూత తీశాను. లోపల పాతబట్టలో చుట్టిన రెండు గుండ్రటి గేజులు ఉన్నాయి. అద్దాలు పగిలాయి. అంచుల్లో మట్టి పేరుకుంది. ఒకదాని వెనక తీగంత సన్నటి రాగి గొట్టం తెగి వేలాడుతోంది.

"ఇవేంది?"

"మీ తమ్ముని ట్రాక్టరువి. ఒకటి ఇంజన్ వేడి చూపేది, ఒకటి ఆయిల్ ప్రెషర్ చూపేది. రెండు గూడ సచ్చిపోయినయ్. ఎన్నేండ్లయిందో వానికే తెల్వదు." ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది. "గేజ్ పనిచెయ్యని ఇంజన్‌ను మేం షెడ్డు గేటు దాటనియ్యం. వాడు పొలమంత దున్నుతాండు."

అక్కడ జరిగిందేమిటో తర్వాత మరదలు ఫోన్‌లో చెప్పింది. ట్రాక్టరు ఎక్కగానే ఈయన చూపు గేజుల మీద పడిందట. ముళ్లెందుకు కదలడం లేదని అడిగితే తమ్ముడు, "చెవులున్నయ్ గద బావా, గేజులెందుకు? సప్పుడు ఇంటె ఇంజన్ ఎట్లున్నదో తెలుస్తది. వేడైందా అంటె బానెట్ మీద చెయ్యి పెడ్త" అన్నాడట. అన్నం తినేదాకా ఇద్దరిదీ అదే వాదన. ఆఖరికి తమ్ముడు విసిగి, స్పానర్ ఈయన చేతిలో పెట్టి, "తీస్కపో బావా. అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నాడట.

"అన్నకు కోపమచ్చిందా వదినె?" అని అడిగింది మరదలు.

"కోపం కాదు, పని దొరికింది" అన్నాను.

మర్నాటి నుంచి మా ఆయన వరండాలో పీట వేసుకుని కూర్చున్నాడు. గేజు ముఖం చుట్టూ ఒక రేకు అంచు బిగించి ఉంటుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని గోరంత గోరంత పైకి లేపుతూ చుట్టూ తిరగడానికే ఒక పూట పట్టింది. ఒక్కచోటే ఎక్కువ లేపితే రేకు చీలిపోతుందట. ప్రెషర్ గేజు లోపల కొడవలిలా వంగిన ఇత్తడి గొట్టం ఉంది. దాని కొసకు ఒక చిన్న ఊచ, ఆ ఊచకు సన్నటి పళ్లున్న చక్రం ముక్క. నూనె ఒత్తిడికి గొట్టం కొంచెం విచ్చుకుంటుంది, అప్పుడు ఆ పళ్లు ముల్లును తిప్పుతాయి. నేను కనుబొమల పనికి వాడే భూతద్దం లైటు కింద దాన్ని పెట్టి నన్ను చూడమన్నాడు. రెండు చివర్లా పళ్లు బాగానే ఉన్నాయి. నడుమ మాత్రం అరిగి నున్నగా అయిపోయాయి.

"ముల్లు ఎప్పుడు ఆ నడుమనే నిలబడేది. ఇంజన్ అదిరినప్పుడల్ల ఆడ్నే రుద్దుకున్నది" అన్నాడు. "అంటె మీ నాయిన ఇంజన్‌ను మంచిగ చూసుకున్నడు. ప్రెషర్ ఎన్నడు కిందికి పడనియ్యలే."

ఆయన ఇంజన్ల గురించి ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకోడు. ఈ మాట నాన్న ఉన్నప్పుడు అనుంటే నాన్న ఎంత పొంగిపోయేవాడో. ఆ పూట ఈయనకు కోడిగుడ్ల పులుసు చేశాను.

అంత పాత మోడల్‌కు ఆ పళ్ల ముక్క ఏ దుకాణంలోనూ దొరకలేదు. మీటర్ల బోర్డు మొత్తం కొత్తది పెట్టుకొమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వరంగల్‌లోని పాత ఇనుప సామాన్ల కబాడీ దుకాణాలన్నీ తిరిగి, వేరే ట్రాక్టరు నుంచి తీసిన ఒక ప్రెషర్ గేజు, గొట్టం తెగని ఒక వేడి గేజు పట్టుకొచ్చాడు. వాటి లోపలి సరుకును తీసి మన గేజుల పెంకుల్లో పెట్టాలని ఆయన పట్టుదల. ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో రెండు అద్దాలు గుండ్రంగా కోయించాడు. మొత్తానికి ఆయన ఇంట్లో లేడు, నా పార్లర్ కుర్చీలు నిండాయి.

వేడి గేజు పరీక్ష మాత్రం నా గిరాకీ మధ్యలోనే జరిగింది. ఆ రోజు ఒక టీచరమ్మ ముఖానికి ప్యాక్ వేయించుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఆరేదాకా నోరు మెదపవద్దని నేనే చెప్పాను. ఆమె కాళ్ల కోసం మూలనున్న కరెంటు పొయ్యి మీద నీళ్లు పెట్టి, తువ్వాలు తెద్దామని లోపలికి పోయి వచ్చేసరికి ఈయన ఆ గిన్నెలో గేజు గొట్టం కొస ముంచి, గేజు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీళ్లు మసులుతున్నాయి.

"అవి మేడం కాళ్లకు పెట్టిన నీళ్లు."

"ఒక్క నిమిషం. మసిలే నీళ్లు వంద డిగ్రీలుంటయ్. ముల్లు వంద మీద నిలబడితె గేజు మంచిదన్నట్టు."

ముల్లు మెల్లగా లేస్తూ వచ్చి ఎనభై దగ్గర ఆగిపోయింది. ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు టీచరమ్మ మాట్లాడకుండానే చెయ్యెత్తి, వేలితో గాలిలో టకటకమని కొట్టి చూపించింది. ఆయనకు అర్థమై గేజు అద్దాన్ని వేలితో తట్టాడు. ముల్లు గబుక్కున జరిగి వంద మీద నిలబడింది. టీచరమ్మకు నవ్వు ఆగలేదు. చెంపల మీద ప్యాక్ అంతా బీటలు వారితే కడిగి మళ్లీ వేశాను. పట్టేసిన చోట కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాక, ముల్లు తట్టకుండానే లేచింది.

ఆ తర్వాత పని నాది. గేజుల నల్లటి ముఖాల మీద తెల్ల అంకెలు సగం చెరిగిపోయాయి. తెల్ల నెయిల్ పాలిష్, ఐలైనర్ కుంచె తీసుకుని ఒక్కో అంకె దిద్దాను. ముల్లుకు నారింజ రంగు వేశాను. ఇంజన్‌కు సరిపడా వేడి ఉండే చోట ఆకుపచ్చ గీత, అది మించిన చోట ఎర్ర గీత. ఆకుపచ్చ రంగును మా దగ్గర ఎవరూ అడగరు, సీసా తెచ్చినప్పటి నుంచి నిండుగానే ఉంది. మా ఆయన నా భుజం మీదుగా చూస్తూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు.

"ఊపిరి తీసుకో. పెండ్లిపిల్లలకు ఇంతకంటె సన్నగ గీస్త" అన్నాను.

మంగళవారం పార్లర్‌కు సెలవు. ఇద్దరం స్కూటర్ మీద ఖిలా వరంగల్ పోయాం. తమ్ముడు అప్పటికే ట్రాక్టరును చెలకలోకి తెచ్చి పెట్టాడు. గేజుల ముఖాలు చూసి, "అక్కా, దీన్ని గూడ పెండ్లికి తయారు చేసినట్టున్నవు" అన్నాడు. మా ఆయన నవ్వలేదు. గొట్టాలు కలిపి, నూనె కారకుండా మరలకు తెల్ల టేపు చుట్టి, బాగా బిగించి, స్టార్ట్ చెయ్యమన్నాడు.

ఇంజన్ అందుకుంది. ప్రెషర్ ముల్లు మాత్రం సున్నా దగ్గరి నుంచి కదల్లేదు.

"ఆపు" అన్నాడు మా ఆయన. "ఆయిల్ ప్రెషర్ లేదు. ఇంకింత సేపు నడిస్తె ఇంజన్ పట్కపోతది."

తమ్ముడు ఆపాడు. "సప్పుడు మంచిగున్నది బావా. పొద్దుగాల గూడ నడిచింది."

"ముల్లు అబద్ధం చెప్తదా?"

తమ్ముడు గొట్టం విప్పి, దాని మూతిలోకి చూసి, నా చీర పిన్నీసు అడిగి తీసుకున్నాడు. దాంతో లోపలి నుంచి ఉండలా చుట్టుకుపోయిన తెల్ల టేపు ముక్కను లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. నూనె కారకూడదని మా ఆయన చుట్టిన టేపే మరీ ఎక్కువై లోపలికి నలిగింది.

"గొంతుల ముద్ద అడ్డం పడ్డది బావా" అన్నాడు.

మళ్లీ స్టార్ట్ చేస్తే ప్రెషర్ ముల్లు చక్కగా లేచి నిలబడింది. కానీ దాన్ని చూసి సంతోషించడానికి ఈయనకు ముఖం చెల్లలేదు. నేనూ మరదలూ ఉన్న చెట్టు కిందికి వచ్చి ఊరికే కూర్చున్నాడు. తమ్ముడు హుషారుగా దుక్కి మొదలుపెట్టాడు.

ఎండ ముదిరింది. కాసేపటికి ఈయన ఉండబట్టలేక లేచి, దున్నిన చాళ్ల మీద తడబడుతూ ట్రాక్టరు పక్కకు పోయి గేజు చూశాడు. వెంటనే చేయి ఊపడం మొదలుపెట్టాడు.

"ఆపురా, ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది."

"ఇంతకుముందే గద పరేషాన్ చేసినవ్ బావా. ఈ సాలు అయిపోనీ." తమ్ముడు వంగి బానెట్ మీద చెయ్యి పెట్టి తీశాడు. "ఈ ఎండకు ఇనుము కాలదా?"

చెట్టు కింద నా పక్కన కూర్చున్న మరదలు ఇదంతా చూస్తోంది. "పోయిన ఏడు గూడ గిట్లనే వదినె" అంది మెల్లగా. "ఎండెక్కినంక బండికి దమ్ము పోతది, గుంజదు. డీజిల్ల కల్తీ ఉన్నదంటడు." అలా అని లేచి, కుచ్చిళ్లు ఎగదోపుకుని, మట్టిగడ్డల మీద నుంచి నేరుగా నడిచిపోయి ట్రాక్టరు ముందు నిలబడింది. తమ్ముడు బ్రేకు తొక్కక తప్పలేదు. మట్టికట్ట ఎక్కి కోట చూస్తున్న ఒక జంట అక్కడి నుంచే ఆమెను ఫోటో తీసుకున్నారు.

"అన్న చెప్తాండు గద, ఒక్కసారి చూస్తె ఏమైతది" అంది.

ట్రాక్టరు ముందు భాగంలోని జాలీ విప్పి చూశారు. గాలి పోవాల్సిన రేడియేటర్ సందులన్నీ పత్తి నూగుతో, పొట్టుతో, ఎండిన మట్టితో నిండి పరుపులా గట్టిపడ్డాయి. గాలి దూరే దారి లేదు. ఇంజన్ చల్లారేదాకా ఆగి, లోపలి నీళ్ల మట్టం చూస్తే అదీ తగ్గింది. బోరు పైపు లాగి వెనక వైపు నుంచి నీళ్లు కొడుతుంటే ఎన్నేళ్ల మురికో చిక్కగా కారింది. బావ పైపు పట్టుకుంటే తమ్ముడు కొబ్బరిచీపురు పుల్లతో ఒక్కో సందు గీకాడు.

నీళ్లు నింపి మళ్లీ దుక్కికి దిగితే ముల్లు ఆకుపచ్చ గీత మీదికి వచ్చి ఆగిపోయింది. తమ్ముడు చెలక చివరిదాకా పోయి వచ్చాడు. ముల్లు అక్కడే ఉంది, బండి కూడా ఆగకుండా గుంజింది. వాడు దిగి భుజం మీది తువ్వాలతో గేజు అద్దం మీది దుమ్ము తుడిచాడు.

"ఇన్నేండ్లు డీజిల్ పోసేటోన్ని తిట్టిన" అన్నాడు.

"నేను గూడ టేపు జర ఎక్కువనే చుట్టిన" అన్నాడు మా ఆయన.

అన్నాలు తిన్నాక తమ్ముడు చెయ్యి కడుక్కుంటూ, "బావా, ఒక సాలు నువ్వు కొట్టు" అన్నాడు.

ఈయన నా వైపు చూశాడు. రైలింజన్, స్కూటర్ తప్ప ఈయన ఇంకేదీ నడపలేదని నాకు తెలుసు, తమ్ముడికి తెలియదు. అయినా పోయి ఎక్కాడు. తమ్ముడు గేరు వేసి దిగాడు. ట్రాక్టరు కదిలింది. మా ఆయన చూపంతా గేజుల మీదే. చాలు మెల్లగా ఎడమకు వంగింది, ఆ తర్వాత కుడికి వంగింది. తమ్ముడు పక్కన పరుగెత్తుతూ, "ముంగట చూడు బావా, ముల్లు యాడికి పోదు" అంటున్నాడు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెలక చివర గట్టు దగ్గర ఈయన ఎట్లాగో ట్రాక్టరు ఆపి, కిందికి వంగి అడిగాడు. "ఇప్పుడు ఎట్ల మలపాలె?"

"అదేంది బావా, గన్నేండ్లు ఇంజన్ నడిపినవ్ గద?"

"నడిపిన. ఆపిన. మలిపే పని పట్టాలే చూసుకునేటియి."

తమ్ముడు నవ్వుతూ ఎక్కి, మడ్‌గార్డ్ మీద బావ పక్కనే కూర్చున్నాడు. స్టీరింగ్ మీద ఇద్దరి చేతులూ ఉన్నాయి. ట్రాక్టరు పెద్ద చుట్టు తిరిగి మళ్లీ మా వైపుకు మళ్లింది. చాయ పెట్టి పిలిచినా ఇద్దరూ దిగలేదు. పొద్దు వాలేదాకా దున్నుతూనే ఉన్నారు.