మెడ ఎత్తక్కర్లేని నీళ్లు

కల్వకుర్తి బస్టాండులో పొద్దున ఐదుంపావుకు హైదరాబాద్ బస్సు ఎక్కాం. నేను, నా భార్య భాగ్య, ఆమె తమ్ముడు శేఖర్. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి భాగ్యకు జీరో టికెట్, మా ఇద్దరికే డబ్బులు. విమానాశ్రయానికి పోయేవారు నగరం దాకా వెళ్లనక్కర్లేదు. తుక్కుగూడలో దిగితే ఆటోలో కొద్ది దూరమే.

పక్క సీటు పెద్దమనిషి మా సంచులు చూసి అడిగాడు. "తీర్థానికా?"

"కాదు పెద్దనాయినా, ఈతకు. అండమాన్ పోతున్నం" అన్నాడు శేఖర్.

"ఈతకు గంత దూరమా? మన కాలువల నీళ్లు లేవా?"

ఉన్నాయి. కానీ కాలువ గట్టు ఏటవాలు సిమెంటు. భాగ్య దిగలేదు, దిగినా ఎక్కలేదు. ఆమె పుట్టిల్లు నల్లగొండ జిల్లా పడమటి పల్లె. చిన్నప్పటినుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు నలభై దాటేసరికి మెడనూ మోకాళ్లనూ బిగించేశాయి. తల పక్కకు తిప్పాలంటే మనిషంతా తిరగాలి. నల్లగొండ దవాఖాన డాక్టరు నీళ్లలో కదలమన్నాడు. కీళ్ల మీద బరువు పడదట. ఆమె ఈత నేర్చిన బావి ఎప్పుడో ఎండిపోయింది. నేను బోరు మోటార్లు బిగించేవాణ్ణి. వందల అడుగుల లోతు నీళ్లను పైకి తెచ్చాను గానీ, బోరులో మనిషి దిగలేడు కదా.

ఆ రోజుల్లోనే శేఖర్ ఫోనులో ఒక దీవి వీడియో చూపించాడు. నడుము లోతు నీళ్లు, మెట్లు లేవు, మెత్తని ఇసుక, కింద చేపలు. భాగ్య రెండుసార్లు చూసింది. "ఒక్కసారి దిగి చూస్త. కాకపోతే ఇగ నీళ్ల మాట ఎత్తనే ఎత్త" అంది. ఆమె ఒక మాటంటే దాని మీదే ఉంటుంది. అందుకే నాకు దిగులు. అక్కడ కూడా కాకపోతే డాక్టరు చెప్పిన ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది.

విమానం టికెట్ తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ అడగండి, దానికి వేరే డబ్బులు లేవు. పది దాటాక బయల్దేరిన విమానం మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్‌లో దింపింది. ఇప్పుడు దాని పేరు శ్రీవిజయపురం, ఆటోవాళ్లు మాత్రం పాత పేరే అంటారు. అక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది. చూడాల్సినవి ముందే చూసుకోవాలి. రాత్రికి జెట్టీ దగ్గర గది తీసుకుని, మర్నాడు ఉదయం పడవెక్కి నీల్ దీవికి చేరాం. రెండు గంటల ప్రయాణం. వాంతుల మాత్ర అరగంట ముందే వేసుకోవాలి. శేఖర్ వేసుకోలేదు.

"తాడిచెట్టు ఎక్కేటోడివి, పడవకే తిరుగుతున్నదారా తల?" అంది అక్క.

"తాడిచెట్టు ఊగినా ఒక్కదిక్కే ఊగుతదక్కా" అన్నాడు సంచిలో ముఖం పెట్టి.

దీవిలో ఊళ్లకు ఎక్కువగా రామాయణం పేర్లే. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. భరత్‌పూర్ దగ్గర కొబ్బరితోటలో గది దొరికింది. కమోడ్, పట్టుకునే కడ్డీ ఉన్నాయో లేదో ముందే చూసుకున్నాను. భోజనం అన్నం, పప్పు, చేప. తాగడానికి సీసా నీళ్లే.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆటుకు నీళ్లు బాగా తగ్గాయి. నేనూ శేఖరూ లక్ష్మణ్‌పూర్ వైపు తీరం వెంట నడిచి, సముద్రం తొలిచిన రాతి వంతెన చూసి వచ్చాం. నీళ్లు తగ్గినప్పుడే అక్కడికి దారి. రాళ్లు జారుతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. గవ్వలు ఏరకండి, తీసుకురానివ్వరు. ఆరింటికి ఆటు అంటే, ఆ తర్వాత ఆరు గంటల పైచిలుకుకు నిండు పోటు. కాబట్టి పది, పదకొండు మధ్య నీళ్లు పగడాల మీదికి సరిపోను ఎక్కుతాయని లెక్క కట్టాను. నీటిలోకి తీసుకెళ్లే అప్పలరాజు కూడా పదిన్నరకే రమ్మన్నాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట.

జనం తక్కువున్న ఒక వంపు దగ్గర దిగాం. అటూ ఇటూ రాళ్లు, మధ్యలో అద్దంలాంటి నీళ్లు. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని భాగ్యను నడిపించాం. లైఫ్ జాకెట్, కళ్లకూ ముక్కుకూ అద్దం, నోట్లో, పైకొస నీళ్లకు పైన ఉండే స్నార్కెల్ గొట్టం. ఆమె ముఖం నీళ్లలో పెట్టింది. కాసేపటికే దగ్గుతూ లేచింది. మళ్లీ పెట్టింది, మళ్లీ లేచింది.

"ఊపిరి బిగబట్టేస్తన్నారమ్మా. గొట్టంలోంచి మామూలుగా పీల్చండి. ఏటీ అవదు" అన్నాడు అప్పలరాజు.

ఎందుకు బిగబడుతోందో నాకు అర్థమైంది. మేమందరం బావిలో, వీపుకు బెండు కట్టుకుని నేర్చినవాళ్లం. ముఖం తడిస్తే ఊపిరి మూసెయ్యాలన్నది మాకు మొదటి పాఠం. అది బావిలో ప్రాణం కాపాడుతుంది. ఇక్కడ అదే ఆమెను ముంచుతోంది. చెబితే తల ఊపుతుంది గానీ ఛాతీ వినదు.

మూడోసారి లేచి అద్దం తీయబోయింది. "చాలు. ఒడ్డుకు తీస్కపొండి."

శేఖర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, మొఖం నీళ్లల్ల పెట్టి నన్ను తిట్టు."

"ఏం తిక్కరా నీకు."

"బాయిల పడ్డయనుకున్న నీ కాళ్లపట్టీలు నేనే అమ్మిన. నాయిన నిన్నే గదా కొట్టింది."

భాగ్య అతన్నే చూసింది. గొట్టం నోట్లో పెట్టుకుని ముఖం నీళ్లలోకి వంచింది. గొట్టంలోంచి బూ, బూ అని మొదలైంది. మాటలు తెలియలేదు గానీ తిట్లేనని ముగ్గురికీ తెలిసింది. తిట్టాలంటే ఊపిరి వదలాలి, వదిలినవాళ్లు పీల్చక తప్పదు. తిట్టు పొడుగ్గా సాగింది. నడుమ నడుమ గొట్టం బుస్సుమని గాలి పీల్చుకుంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగితే గాబరా పడ్డాను. అప్పలరాజు వేలు చూపించాడు. జాకెట్ నిదానంగా లేస్తోంది, దిగుతోంది.

బిగిసిన కాళ్లు వాటంతటవే తేలాయి. అప్పలరాజు ఆమె చేతికి రబ్బరు చక్రం ఇచ్చి, దాన్ని లాగుతూ పగడాల మీదుగా తిప్పాడు. కింద చారల చేపలు, చిలకపచ్చ చేపలు. అరగంట దాకా ఆమె తల ఎత్తలేదు. ఎత్తే పనే లేదు.

ఒడ్డుకు వచ్చాక మొదటి మాట తమ్ముడితోనే. "పట్టీలు నిజంగ అమ్మినవా?"

"గప్పుడు అమ్మలేదు. ఇప్పుడు అమ్మిన" అన్నాడు వాడు, నవ్వుతూ. ఏది నిజమో చెప్పలేదు.

ఆ తర్వాత భాగ్య నా వైపు చూసి, "మెడ ఉన్న సంగతే మర్శిన" అంది మెల్లగా.

పోటు రోజుకు ముప్పావుగంట పైన ఆలస్యమవుతుంది. అందుకని రెండో రోజు పదకొండున్నరకు దిగాం. ఆ రోజు ఎవరూ ఎవరినీ తిట్టాల్సిన అవసరం రాలేదు.

తిరుగు ప్రయాణం వచ్చిన దారే. తుక్కుగూడలో సాయంత్రం కల్వకుర్తి బస్సు దొరికింది. మొదటి మెట్టు ఎత్తు, భాగ్య కమ్మీ పట్టుకుని నింపాదిగా ఎక్కింది. పక్కన కూర్చున్నామె ఎక్కడినుంచి వస్తున్నారో అడిగి తెలుసుకుని, "మునుగుతవని భయం కాలేదా వదినె?" అంది.

"మునుగుడు గాదు వదినె, తేలుడు. పైకి చూసే పని లేదు. కిందనే లోకమంతా కనబడ్తది." కడ్తాల్ దాటేదాకా ఆమెకు చేపలన్నీ చెప్పింది.

మోకాళ్లు బాగుపడలేదు. ఆమనగల్లు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పట్టేశాయి. ఈ ప్రయాణం మందు కాదు, అలా అనుకుని ఎవరూ వెళ్లవద్దు. కానీ నొప్పి లేకుండా ఆమె ఉండగలిగే చోటు భూమ్మీద ఒకటుందని మాకు ఇప్పుడు తెలుసు. ఇన్నేళ్లుగా ఆమె బస్సు దిగుతుంటే నా చూపు మోకాళ్ల మీదే ఉండేది. కల్వకుర్తిలో దిగేటప్పుడు చెయ్యి అందించి, ఆమె ముఖం వైపు చూస్తూ నిలబడ్డాను.